పాలక్కాడు కనుమ

'పడమటి కనుమలు' అని మనం ఒక పర్వతశ్రేణినే పిలుస్తున్నాము గాని, కనుమ అంటే నిజానికి కొండ కాదు, కొండల నడుమ దారి. ఆ మాటకు అన్నివిధాలా తగిన చోటు ఆ శ్రేణి మొత్తంలో నాకు ఒక్కటే కనిపిస్తుంది: కోయంబత్తూరుకు పడమరనున్న పాలక్కాడు కనుమ, మన పెద్దల నోట పాల్‌ఘాట్.

ఉత్తరాన నీలగిరులలో దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు, దక్షిణాన ఆనముడి 2,695 మీటర్లు. ఈ రెండింటి నడుమ నేల సుమారు 140 మీటర్లకు దిగిపోయి, 30 కిలోమీటర్లకు పైబడిన వెడల్పున పరచుకుంది. శబరిమలకు రైలెక్కే మన స్వాములెందరో ఈ కనుమ గుండానే కేరళలో అడుగుపెడతారు. దాటిన సంగతి గమనించేవారు తక్కువ. కిటికీ ప్రక్కన కూర్చుని నేను చూసినదల్లా తాటిచెట్లు, వరిమళ్ళు, దూరాన ఇరువైపులా నీలిగోడలు. అరకు దారిలో వలె లెక్కపెట్టుకోవడానికి సొరంగాలైనా లేవు!

నైరుతి గాలికీ ఇదే వాకిలి. కోయంబత్తూరు చల్లదనానికి, ఉడుమలైపేట వైపు తిరిగే గాలిమరలకు మూలం ఇక్కడే ఉంది. మలబారు మిరియాలు తూర్పుకు వెళ్ళిన దారులలోనూ ఇది ముఖ్యమైనదని చరిత్రకారుల భావన. కోయంబత్తూరు చెంత వెళ్ళలూరులో రోమను వెండి నాణేలు కుప్పలుగా దొరకడం అందుకు బలమైన ఆధారం.

దారి సుగమమైతే సైన్యాలకూ సుగమమే. 1757లో కోళిక్కోడు సామూదిరికి వెరచి పాలక్కాడు రాజు, అప్పుడు దిండిగల్లులో ఉన్న హైదరాలీ సాయం కోరాడు. సాయానికి వచ్చినవారు ఊరకే పోతారా? 1766లో హైదరు ఇక్కడ కోట కట్టించాడు. ఆంగ్లేయులు దానిని 1768లో పట్టుకుని కొద్ది నెలలకే పోగొట్టుకున్నారు. 1783లో మళ్ళీ పట్టుకుని విడిచిపెట్టారు. 1790లో గాని అది వారి చేత నిలువలేదు. కోట ఎవరిదైతే మలబారుకూ మైసూరు వారి కోయంబత్తూరు సీమకూ నడుమ దారి వారిదన్నమాట.

1862లో మద్రాసు నుండి బేపూరు రేవుకు రైలుమార్గం ఈ కనుమ గుండానే పూర్తయింది. అయితే మనుషులకు ఇంత సులువైన దారి ఏనుగులకు ఏనాడూ దారి కాలేదు. ఆనైమలై అంటేనే ఏనుగుల కొండ. అక్కడి ఏనుగులకూ నీలగిరి ఏనుగులకూ జన్యుభేదం ఉన్నట్లు 2005లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ ఎడబాటు రైలుకంటే ఎంతో ప్రాచీనం. రైలు చేసినది వేరు: అడవి అంచున మేతకు, నీటికి తిరిగే ఏనుగులకు పట్టాలు అడ్డువచ్చాయి. 2021 నవంబరు 26 రాత్రి నవక్కరై వద్ద మంగళూరు నుండి చెన్నై వెళ్ళే రైలు క్రింద మూడు ఏనుగులు మరణించాయి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు అటవీశాఖ మదుక్కరై వద్ద కృత్రిమమేధతో పనిచేసే కెమెరాలను నెలకొల్పింది. ఏనుగు పట్టాలను సమీపిస్తే రైలు నడిపేవారికి ముందుగా కబురందాలని దాని ఉద్దేశం.