మేళమువారి సంభావన

పెండ్లికి ముహూర్తము నిశ్చయమైన వెంటనే, పురోహితుని పిమ్మట కబురు పోవునది సన్నాయి మేళమువారికి. అక్కడ "ఎంత?" అను ప్రశ్న ముందుగా రాదు. ఏనాడు, ఏ వేళ, ఎందరు రావలెను అనునవి తేలిన తరువాతనే సంభావన మాట. కుదిరినచో తాంబూలములో సంచకరువు పెట్టి ఇత్తురు. దానినే బయానా యనియు, నేడు అడ్వాన్సు అనియు అందురు. మొత్తము చిన్నదే కావచ్చును. కాని పుచ్చుకొన్న విద్వాంసుడు ఆనాటికి మరియొక ఇంటి తాంబూలమును తాకరాదు.

ఇట్లు రొక్కముతో బేరము కుదుర్చుకొనుట మన గ్రామములలో అంత పాతది కాదు. గుడిలో ఉదయ సాయంకాలములు వాయించినందుకు మేళమువారికి మాన్యముండెడిది. ఊరి పెండ్లిండ్లలో ధాన్యము, బట్టలు, తాంబూలముతో కొన్ని నాణెములు ముట్టెడివి. 11వ శతాబ్ది ఆరంభమున రాజరాజచోళుడు తంజావూరి ఆలయమునకు 400 మంది నర్తకీమణులను రప్పించి, ఒక్కొక్కరికి ఏటికి 100 కలముల ధాన్యము వచ్చు వాటా ఏర్పరచెనని ఆ గుడిగోడమీది శాసనము చెప్పుచున్నది. వాటాయే గాని ధర కాదు. ఈ పద్ధతిని పొగడువారు కలరు. అడుగవలసిన పని లేదనుట నిజమే. ఎక్కువ అడుగుటకు వీలును లేదు. తెలంగాణమున 1955లో, ఆంధ్ర ప్రాంతమున 1956లో ఇనాముల రద్దుకై చట్టములు వచ్చినవి. అంతకు ముందే రైలు, పేరు రెండును విద్వాంసుని ఊరిపొలిమేర దాటించినవి. ఒంగోలు దగ్గరి కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగమున స్థిరపడి, నాదస్వరముతో దేశాంతరములకు సైతము వెళ్లెను. అట్టివానికి ఏ ఊరి ఆనవాయితీ లెక్క?

గృహస్థులకు తరచు తోచని విషయమొకటి కలదు. మేళగాడు అమ్మునది గంటలు కావు, ముహూర్తము. ఆషాఢ, భాద్రపద, పుష్యములు శూన్యమాసములు. మూఢములు వచ్చినచో మరికొన్ని వారములు పోవును. ఆ దినములలో వాద్యము గోడకు వ్రేలాడును, పొయ్యి మాత్రము మండవలెను. మాఘ ఫాల్గుణములలోనో, వైశాఖములోనో ఒకే రాత్రి ఊరిలో పది పెండ్లిండ్లు పడును. అతడు పోగలిగినది ఒక్కదానికే. పూర్వము అయిదు దినములు జరిగిన పెండ్లి ఒక్క పూటకు కుదించుకొనిపోగా, సంభావనయు అయిదవ వంతు కావలెనని ఇంటివారనుకొందురు. మంచి ముహూర్తము పోనే పోయెనని మేళమువారందురు. వారిదే న్యాయమని నా తలంపు.

వచ్చిన మొత్తమును నాయకుడు పంచును. నాదస్వరము, డోలు వాయించువారికి పెద్ద వాటాలు; తాళమువానికి అంతకు తక్కువ; శ్రుతి పట్టువానికి అన్నింటికంటె తక్కువ. అందరును విశ్రమించినను అతడు మాత్రము ఊపిరి ఆపరాదు! ఇప్పుడతని స్థానమున విద్యుత్తు శ్రుతిపెట్టె కూర్చున్నది. ఆ వాటా తక్కినవారికి చేరినదో, పెండ్లివారు మిగుల్చుకొనిరో వారినే అడుగవలెను.

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. 1952లో ఆడిషన్ అను స్వరపరీక్ష విధానము వచ్చి, విద్వాంసులు బి, బి-హై, ఎ, టాప్ అను శ్రేణులలో చేరిరి. రేడియో పారితోషికము శ్రేణిని బట్టియే. అది కేంద్రపు ప్రాకారముతో ఆగలేదు. రాగము పోల్చలేని గృహస్థునకును "ఎ గ్రేడు" అనగా అర్థమైనది. విద్వాంసుడును తన నోట తన గొప్ప చెప్పుకొనుట మాని, గ్రేడు చెప్పి ఊరకుండ నేర్చెను.

మైకుసెట్టును అద్దెకు తెచ్చి రికార్డులు వేయించు ఇండ్లలోను ఒక సన్నాయి, ఒక డోలు తప్పలేదు. మంగళసూత్రధారణ వేళ పురోహితుడు చేయెత్తి "గట్టిమేళం!" అనగానే అందుకొనుటకు రికార్డునకు కన్నులు లేవు గదా. "అరగంట పనియే గదా, అరగంటకే ఇత్తు" మని ఇంటివారు. "దినమంతయు మీదే, పూర్తి సంభావన ఇండు" అని మేళమువారు. ఈ తగవు తాంబూలము పుచ్చుకొనక ముందే తీరవలెను. పందిట్లో కూర్చున్న తరువాత డోలు విప్పి అడుగుట ఏ మేళమునకును మర్యాద కాదు.