అయిదు రోజుల పెళ్లి నుంచి ఒక్క పూట పెళ్లి దాకా: మన ఊళ్లో పెళ్లి ఖర్చు కథ



ఈ ఏడు వార్షిక సంచికలో మా సంఘం తరఫున పెళ్లి అప్పుల గురించి రాయమన్నారు. లెక్కలు మాత్రమే రాస్తే రెండు పేజీల్లో అయిపోతుంది. కానీ ఈ అప్పు మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో తెలియకపోతే ఆ లెక్కలు అర్థం కావు. అందుకే మా ఊరి పెద్దమ్మల్ని అడిగి తెలుసుకున్నవీ, చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాం. తప్పులుంటే మన్నించండి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మా సంఘంలో పది మందిమి. కొన్నేళ్ల కిందట మాలో ఒకామె బ్యాంకు లింకేజీలో 50,000 తీసుకుంది. రికార్డులో పాడి గేదె అని రాశాం. ఆ డబ్బు కూతురి పెళ్లికి పోయింది. అది చాలక బయట 3 లక్షలు తెచ్చింది, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. అంటే నెలకు 9,000, ఏడాదికి 1,08,000 వడ్డీయే. పెళ్లయిన మూడో నెలలో సంఘం కిస్తీ ఆగిపోయింది. మిగతా తొమ్మిది మందిమి పొదుపులోంచి తీసి కట్టాం. ఆమె మీటింగులకి రావడం మానేసింది. మేం ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. గేదె లేదన్న సంగతి మాకందరికీ తెలుసు. ఆ పెళ్లి భోజనం మేమూ తిన్నాం.

మరి మన అమ్మమ్మలకి ఇంతకంటే తక్కువ ఆదాయం కదా, వాళ్లు అయిదు రోజుల పెళ్లిళ్లు ఎలా చేశారు? ఈ ప్రశ్న పట్టుకుని ఊళ్లో తిరిగాం.

పందిరి ఎవరు వేసేవారు

పెద్దమ్మలు చెప్పిందాంట్లో మొదటి మాట పందిరి. పెళ్లికి వారం ముందు రాట వేసేవారు. గుంజలు ఒకరి దొడ్లోవి, తాటాకులు ఇంకొకరి గట్టువి, కొబ్బరాకులు వేరొకరివి. వేసేది వీధిలో మగవాళ్లే. కూలి లేదు, ఆ పూట భోజనం ఉంది. గుండిగలు, గంగాళాలు ఊళ్లో రెండు మూడు ఇళ్లలో ఉండేవి, అవే అందరి పెళ్లిళ్లకీ తిరిగేవి. పసుపు దంచడం, బియ్యం చెరగడం, అప్పడాలు ఒత్తడం అన్నీ ఆడవాళ్లం కలిసే. విడిది అంటే పక్కింటి అరుగు. మగపెళ్లివారికి మంచాలు, దుప్పట్లు పదిళ్ల నుంచి వచ్చేవి.

రెండో మాట చదివింపులు. పెళ్లిలో ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఎవరెంత ఇచ్చారో పేరుతో సహా గట్టిగా చదివి రాస్తాడు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసుకుని, అంతకు ఒక రూపాయి ఎక్కువ వేసి చదివించాలి. వడ్డీ లేదు, హామీ సంతకం లేదు. ఎగ్గొడితే మాట పడాలి, అంతే. పొదుపు సంఘం పుట్టకముందే మన ఊళ్లో ఒక పొదుపు సంఘం ఉందన్నమాట. దానికీ లెక్కల పుస్తకం ఉంది. కాకపోతే రాసేది మగవాళ్లు, లెక్క గుర్తుపెట్టుకునేది ఆడవాళ్లు.

ఆ రోజులన్నీ బంగారం అని మేము అనడం లేదు. సన్నాయి ఊదినవాళ్లకి, కుండలు తెచ్చినవాళ్లకి, బట్టలు ఉతికినవాళ్లకి, కాగడా పట్టినవాళ్లకి కొలిచి ఇచ్చింది గింజలే, అదీ పెట్టినంత. పేటలో వాళ్లకి బంతి వేరు, ఆఖరి బంతి. పెళ్లికూతురి వయసు చెబితే మీకు గుండె ఝల్లుమంటుంది. మాతో మాట్లాడిన ఒక పెద్దమ్మ, తన పెళ్లిలో నిద్ర వస్తుంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తలంబ్రాలు పోయించారని చెప్పింది. శారదా చట్టం 1929లోనే వచ్చింది, అప్పట్లో ఆడపిల్లకి 14 ఏళ్లు నిండాలన్నారు. 1978లో దాన్ని 18 చేశారు, మగపిల్లాడికి 21. చట్టం ఊళ్లోకి నడిచి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఓలి పోయి కట్నం వచ్చింది

మేము చాలా ఆశ్చర్యపోయింది ఇక్కడ. కష్టం చేసుకునే కులాల్లో మన ముత్తవ్వల కాలానికి కట్నం లేదు. ఓలి ఉండేది. మగపెళ్లివారే ఆడపిల్ల తల్లిదండ్రులకు డబ్బు ఇచ్చేవారు. పిల్ల ఆ ఇంటికి వెళితే రెండు చేతుల కష్టం వెళ్లినట్టే కదా, దానికి బదులు. మగవాడి దగ్గర ఓలి డబ్బు లేకపోతే పెళ్లి ఆగేది.

బ్రాహ్మణ కుటుంబాల్లో కొందరు ఇదే డబ్బుకి ఆశపడి చిన్నపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టేవారు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకం దాని మీదే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చింది. ఆ తరవాత యాభై ఏళ్లు తిరక్కముందే వ్యవహారం తలకిందులైంది. కాళ్లకూరి నారాయణరావు గారు పెళ్లికొడుకుల అమ్మకం మీద వరవిక్రయం నాటకం రాశారు. 1939లో అది సినిమాగా కూడా వచ్చింది. ఒక నాటకంలో పెళ్లికూతుర్ని అమ్ముతున్నారు, రెండో దాంట్లో పెళ్లికొడుకుని కొంటున్నారు. రెండింట్లోనూ పిల్లని అడిగినవాళ్లు లేరు.

ఎందుకు మారింది? చదువుకున్న కుర్రాడికి, ఉద్యోగం ఉన్న కుర్రాడికి ధర కట్టారు. కాస్త కలిగిన ఇళ్లలో ఆడవాళ్లని పొలం పనికి పంపడం నామోషీ అనుకున్నారు. ఆమె కష్టం కనపడకపోయేసరికి ఆమెని పోషించాల్సిన మనిషిగా లెక్కేశారు. పై ఇళ్లలో జరిగింది చూసి కింది ఇళ్లు నేర్చుకున్నాయి. ఈ రోజుకీ కూలికి వెళ్లి ఇల్లు నడిపే మనమే, మన పిల్లకి మనమే ఎదురు డబ్బిచ్చి పంపుతున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో కట్నం వద్దని 1958లోనే చట్టం చేశారు. దేశమంతటికీ 1961లో వచ్చింది. 1986లో దాన్ని గట్టి చేశారు. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం 5 సంవత్సరాలు జైలు. 1985లో ఇంకో నియమం పెట్టారు, దీన్ని మనలో చాలామంది వినలేదు. పెళ్లిలో వధూవరులకు వచ్చిన బహుమతుల జాబితా రాసి, ఇద్దరూ దాని మీద సంతకం చెయ్యాలి. మన చదివింపుల పుస్తకం లాంటిదే. కానీ ఇందులో పిల్ల సంతకం ఉంటుంది.

వంటవాళ్లు రాని పెళ్లి

తక్కువలో పెళ్లి చెయ్యాలంటే నలుగురి మాట పడాలి, అదే కదా మన భయం. మన జిల్లాల్లో అంతకంటే పెద్ద మాట పడి చేసిన పెళ్లి ఒకటుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. పుస్తకాల్లో ఆయన పేరే చదివాం. ఆ ఇంట్లో వంట సంగతి తరవాత తెలిసింది. ఊరు వెలి వేస్తామనేసరికి వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదావరి నుంచి నీళ్లు మోసి, తనే వండి పెట్టారు. ఆ పెళ్లిని నిలబెట్టిన చేతుల్లో ఆవిడ చేతులు కూడా ఉన్నాయి.

ఆ తరవాత కూడా ఖర్చు, తంతు తగ్గించినవాళ్లు ఉన్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు జనానికి అర్థమయ్యేలా పెళ్లి మంత్రాలు తెలుగులో రాసి వివాహవిధి అని పుస్తకం వేశారు. సభ పెట్టి దండలు మార్చుకున్న పెళ్లిళ్లు కృష్ణా, గుంటూరు వైపు చాలా జరిగాయి. మన వైపు అన్నవరం కొండ మీద సత్యనారాయణ స్వామి సన్నిధిలో చేసుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కాబట్టి తక్కువలో పెళ్లి అంటే కొత్త మాట కాదు, పరువు తక్కువ మాట అసలే కాదు.

రోజులు తగ్గాయి, ఖర్చు పెరిగింది

అయిదు రోజుల పెళ్లి మూడు రోజులైంది, తరవాత ఒక్క రోజైంది. ఇప్పుడు ఒక్క పూట. మరి ఖర్చు తగ్గాలి కదా? పెరిగింది. మేము కూర్చుని లెక్క వేసుకుంటే కారణం దొరికింది. తాటాకు పందిరి పోయి షామియానా వచ్చింది, దానికి అద్దె. గుండిగల స్థానంలో క్యాటరింగు వచ్చింది, ప్లేటుకింత అని. పక్కింటి అరుగు పోయి ఫంక్షన్ హాలు వచ్చింది. పదిమంది పంచుకున్న బరువంతా ఒక్క ఇంటి మీద పడింది. చదివింపులు మాత్రం పాత పద్ధతిలోనే ఉన్నాయి, అవి హాలు అద్దెకి కూడా చాలవు.

అమ్మమ్మలు తక్కువ ఖర్చు పెట్టలేదు. వాళ్ల ఖర్చు ఊరంతా పెట్టింది. మనం పోగొట్టుకున్నది అదీ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అనే సామెత ఇప్పుడు ఒంటరి మనిషికి చెప్పిన మాటలా వినపడుతోంది.

సంఘం ఏం చేసింది

1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు సంఘాలకీ బ్యాంకులకీ లింకు పెట్టింది. అదే ఏడు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. సారా మానిపించగలిగిన మనం పెళ్లి అప్పు మాట ఎందుకు ఎత్తలేకపోయాం? మొగుడి తాగుడు బయటి శత్రువు. పెళ్లి ఖర్చు మన మనసులోనే ఉంది.

ఆ గేదె అప్పు తరవాత మేము మూడు తీర్మానాలు రాసుకున్నాం.

ఒకటి: పెళ్లి అప్పుని పెళ్లి అప్పు అనే రాయాలి. సంఘం అప్పుకి నూటికి రూపాయి వడ్డీ, అంటే లక్షకి నెలకు 1,000. బయట అదే లక్షకి 3,000. అబద్ధం రాస్తే ఎంత అవసరమో అడిగే వీలు ఉండదు.

రెండు: అప్పు అడిగేముందు ఖర్చు కాగితం సంఘంలో చదవాలి. ముందు పిలుపుల జాబితా, తరవాతే మిగతావి. ఎందుకంటే భోజనం, పందిరి, కుర్చీలు అన్నీ మనుషుల లెక్క మీదే నడుస్తాయి. నూరుమందికి 15 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పు మేము పెట్టుకున్న కొలత. పిల్లకి 18 నిండినట్టు కాగితం చూపించాలి.

మూడు: గ్రామ సంఘం తరఫున గుండిగలు, గరిటెలు, బకెట్లు, పట్టాలు కొని ఉంచాలి. సభ్యులకి అద్దె లేదు, సొట్ట పడితే బాగు చేయించి ఇవ్వాలి.

ఈ పద్ధతిలో చేసిన మొదటి పెళ్లికి ఆరువందల మంది జాబితా మూడువందలకి దిగింది. దిగడానికి మూడు మీటింగులు పట్టింది, ఒకరిద్దరు అలిగారు. 45 కిలోల బియ్యం వండాం. పూర్ణం బూరెలు, పులిహోర, వంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, గడ్డ పెరుగు. వంట మేస్త్రి ఒక్కడే, మిగతా చేతులు మావే. స్కూలు సెలవుల్లో ఆవరణ అడిగి తీసుకున్నాం. అందరికీ ఒకే బంతి, పేట వాళ్లు ఊళ్లో వాళ్లు అని లేదు. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి కూరలు తరగడానికి ఎవరూ పిలవకుండా ఒకామె కత్తిపీట పట్టుకుని వచ్చింది. గేదె అప్పు ఆమె. మేము ఏమీ అడగలేదు. పక్కన పీట వేశాం.

మేము గెలవనిది

అంతా బాగుందని రాస్తే మళ్లీ గేదె అని రాసినట్టే. ఆ పెళ్లిలో మగపెళ్లివారు బండి అడిగారు. ఇవ్వమని సంఘమంతా వెళ్లి చెప్పాం. ఒప్పుకున్నారు. బహుమతుల జాబితా రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాం, పెళ్లి రిజిస్టరు చేయించాం. ఆరు నెలలకి పిల్ల తండ్రి అప్పు చేసి బండి కొనిచ్చాడు. పిల్ల ఫోనులో ఏడిస్తే ఏ తండ్రి ఆగుతాడు? ఇది మా తీర్మానాల పుస్తకంలో లేదు. ఇక్కడ రాస్తున్నాం.

భోజనం ఖర్చు తగ్గించడం మన చేతుల్లో పని. కట్నం తగ్గించడానికి రెండు వైపులా సంఘాలు కావాలి. ఆ కుర్రాడి తల్లి కూడా పక్క మండలంలో పొదుపు సంఘం సభ్యురాలే. మగపిల్లల తల్లులుగా మనం ఏ తీర్మానం రాసుకున్నాం? మాలో ఆరుగురికి మగపిల్లలున్నారు. వచ్చే నెల మీటింగులో మొదటి అంశం ఇదే పెట్టుకున్నాం.

అక్కచెల్లెళ్లకు మా మనవి ఒకటే. మీ ఇంట్లో పాత చదివింపుల పుస్తకం ఉంటే పారేయకండి. వచ్చే సమాఖ్య మీటింగుకి పట్టుకు రండి. అందులో మన అమ్మమ్మల ఊరు మొత్తం పేర్లతో సహా ఉంది. ఎవరు ఎవరికి నిలబడ్డారో కలిసి చదువుకుందాం.