భూమి పోవువారి మాట

ఆనకట్ట కట్టవలెనను నిర్ణయము రాజధానిలో జరుగును. దాని వలన మునుగు ఊరు నదీతీరమున నుండును. ఆ ఊరివారి మాట వినుటకు మన దేశమున చట్టము ఎంత ఆలస్యముగా అంగీకరించినదో తెలిసికొనదగిన చరిత్ర.

1894 నాటి భూసేకరణ చట్టము క్రింద, ఒక భూమి ప్రజాప్రయోజనమునకు కావలెనని ప్రభుత్వము ప్రకటించినచో ఆ ప్రకటనయే తుది ప్రమాణము. కొలతలను గురించియు, నష్టపరిహారమును గురించియు రైతు కలెక్టరుకు విన్నవించుకొనవచ్చును. అసలీ నిర్మాణము అవసరమా యని అడుగుటకు మాత్రము తావు లేకుండెను.

1921లో పూనా సమీపమునగల ముల్షీ లోయలో, టాటాల జలవిద్యుత్పథకమునకు భూములు కోల్పోవు రైతులు సత్యాగ్రహము సాగించిరి. సేనాపతి బాపట్ వారికి నాయకుడు. ఆనకట్ట ఆగలేదు. 1923లో ఆ చట్టమునకు 5-ఎ సెక్షను చేరెను. ప్రకటన వెలువడిన 30 దినములలో ఆక్షేపణ తెలుపు హక్కు భూమిగలవారికి అప్పుడు లభించెను. అయితే పని అత్యవసరమని ప్రభుత్వము భావించినచో, 17వ సెక్షను ననుసరించి ఆ విచారణను మానివేయవచ్చును. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు వలన కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఎన్నో గ్రామములు మునిగిపోయిన కాలమున గూడ అమలులో నున్నది ఈ చట్టమే.

భూమి స్వంతదారునకే గాక, చుట్టుప్రక్కల ప్రజలకును మాటాడు అవకాశము 1997లో కలిగెను. 1994 నాటి పర్యావరణ ప్రభావ నియమములలో ప్రజాభిప్రాయ సేకరణ సభ ఆ యేడు చేర్చబడెను. 2006 నాటి నియమములు సభకు 30 దినముల ముందు నోటీసు ఇయ్యవలెననియు, పత్రికలు చేరని చోట్ల దండోరా వేయించి, రేడియోలో ప్రకటించి తెలుపవలెననియు విధించెను.

పిలుపు అందుట ఒకటి, విషయము తెలియుట వేరొకటి. సమగ్ర నివేదిక సాధారణముగ ఆంగ్లమున నుండును. స్థానిక భాషలో లభించునది దాని సంగ్రహము. సభ జరుగునాటికి స్థలము ఎంపికయై యుండును. సభకు కనీస హాజరు అను నియమము లేదు. అచట ఓటింగును లేదు.

2020లో ఈ నియమములను మార్చుటకు కేంద్రప్రభుత్వము ఒక ముసాయిదాను ఆంగ్ల, హిందీ భాషలలో ప్రకటించెను. ప్రజలు స్పందించు గడువును 30 దినముల నుండి 20కి తగ్గించుట అందలి ప్రతిపాదనలలో ఒకటి. ఢిల్లీ హైకోర్టు ఆ సంవత్సరము జూన్ 30న తీర్పు చెప్పుచు, అభిప్రాయముల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలోనికి ముసాయిదాను అనువదింపవలెనని ఆదేశించెను. తెలుగు అందులో నొకటి.

1894 చట్టము స్థానమున వచ్చిన 2013 నాటి చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. సామాజిక ప్రభావ అంచనాను, దానిపై బహిరంగ విచారణను, ఆ నివేదికను స్థానిక భాషలో ప్రచురించుటను ఇది కోరును. ప్రైవేటు కంపెనీలకై భూమి తీసికొనునపుడు, నష్టపోవు కుటుంబములలో 80 శాతము సమ్మతింపవలెను. ప్రభుత్వమే చేపట్టు పనులకు ఈ సమ్మతి నియమము లేదు.

నూరేండ్లకు పైబడిన ఈ చరిత్ర చెప్పునది ఒక్కటే. వినుటకు మూడు వలయును: తెలిసిన భాష, చాలినంత వ్యవధి, ఇంకను మార్చుటకు వీలున్న ప్రణాళిక. ఇందులో ఏది లోపించినను సభ జరుగును. ఊరివారి మాట మాత్రము నిలువదు.