పదలం, ఏబలం, పదహారణాలు

పట్టాభిరామ్‌లో స్థిరపడ్డా మా మూలం తిరుత్తణి. ఆ తాలూకావారికి అయిదేళ్ళలో లెక్కలన్నీ మారిపోయాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. మరుసటి ఏడు అక్టోబరు నుంచి కిలో రాళ్ళు దిగాయి. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పును అనుసరించి, తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదలి మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1962 ఏప్రిల్ నుంచి కిలో తూకమే తప్పనిసరి అయింది.

అణాకు ఆరుంబావు పైసలు. పావుపైసకు నాణెం లేదు గనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని సర్దారు. నాలుగణాల దగ్గర 25తో లెక్క సరిపోయింది. బ్యాంకువాణ్ణి కదా, ఆ సర్దుబాటు నాకు ముచ్చటే.

తూకం కథ వేరు. వీశె అంటే 120 తులాలు, మన కిలో నాలుగువందలు. అందులో పావు పదలం, దానిలో సగం ఏబలం. సగానికి సగం పంచుకుంటూ పోయే ఆ లెక్కకు పలక అక్కరలేదు. కిలో అరవంలోనూ తెలుగులోనూ కిలోయే. పదలం, ఏబలం తెలుగు మాటలు, రాళ్ళతోపాటే వెళ్ళిపోయాయి. తెలుగు బడి ఎరుగని మా పిల్లలకు అవి ఎవరు చెప్పాలి?

మొన్న ఎవరినో "పదహారణాల తెలుగువాడు" అన్నాను. "పదహారెందుకు నాన్నా, వంద కదా?" అంది మా అమ్మాయి. పావలా చూపిద్దామంటే అదీ 2011లోనే చెల్లకుండా పోయింది. కాగితం మీద నాలుగు సున్నాలు చుట్టి, ఒక్కోదానిలో నాలుగేసి గీతలు గీశాను.