ఇరుసు సీల నుంచి ఎయిర్ బ్రేకు దాకా

బొబ్బిలి పేరు చెప్పగానే చదువరులకు 1757 జనవరి 24 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు, గొల్లపల్లి పనసకర్ర వీణలు గుర్తుకు వస్తాయి. వాటి మీద తెలిసినవారు ఇప్పటికే చాలా రాశారు. నేను రాయబోయేది ఆ ఊరి దారుల్లో తిరిగే లారీల గురించి. దానికొక కారణముంది.

మా మేనల్లుడొకడు ఇటీవల అప్పు చేసి లారీ కొన్నాడు. ఆయుధపూజ నాటికి బండిని ఇంటి ముందు నిలిపి, "మావయ్యా, మీరు నాలుగు పుస్తకాలు చదివినవారు. కొత్త బండికి ఏమేం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, అద్దం పక్కన అంటించుకుంటాను" అన్నాడు. రాద్దామని కూర్చున్నాను. జాబితాకు బదులు చరిత్ర తయారయింది. ఎందుకంటే ఆ జాబితాలోని ప్రతి అంశం వెనుకా ఎక్కడో ఎప్పుడో మొరాయించిన ఒక బండి ఉంది.

రైలు రాకముందు జయపురం కొండల నుంచి మన మైదానానికి సరుకు పెరిక ఎడ్ల మీద దిగేది. బ్రింజారీలు ఉప్పు పైకి మోసుకుపోయి, ధాన్యం కిందికి తెచ్చేవారు. దారులు కాస్త వెడల్పయిన చోట ఎడ్లబండి వచ్చింది. బండివానికి చదువు లేకపోవచ్చు గాని, బయలుదేరే ముందు ఏం చూడాలో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన ఇరుసుకు పెట్టాడా? చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర సీల బిగువుగా ఉందా? వేసవిలో కర్ర ఎండి కుంచించుకుపోతే చక్రం మీది ఇనుపపట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని చెరువులో నానబెట్టేవాడు. ఎడ్ల లాడాలు అరిగాయేమో చూసేవాడు. సుమతీ శతకకర్త కరణంతో సఖ్యంగా ఉండమని హెచ్చరించడానికి కూడా ఇరుసు కందెన పోలికనే ఎంచుకున్నాడంటే, ఆనాటి జనానికి బండి సంరక్షణ ఎంత ఇంటిమాటో ఊహించవచ్చు.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. బండీ ఎడ్లూ అతనివే, బండిలో కూర్చునేదీ అతనే. సీల ఊడితే పడేదీ అతనే. పరీక్ష చేసేవాడూ, ఫలితం అనుభవించేవాడూ ఒక్కడే కావడం వల్ల ఆ పరీక్షలో మోసం ఉండేది కాదు.

1908-09లో విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా పార్వతీపురానికి రైలు వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు శాఖామార్గం వేశారు. పార్వతీపురం నుంచి రాయపూరు దాకా దారి పూర్తికావడానికి 1931 దాకా పట్టింది. రైలు కొండలను చుట్టుకుపోయింది గాని, సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు మీద పట్టాలు లేవు. సాలూరులో రైలు ఆగిపోయిన చోటే లారీకి పని మొదలయింది.

స్వాతంత్ర్యం తరువాత 1954లో టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని మన దేశంలో లారీలు తయారుచేయసాగింది. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారింది. ఆ బళ్ళతోనే సాలూరు లారీల ఊరుగా పేరు పొందింది. అప్పట్లో బొబ్బిలి, సాలూరు రెండూ శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 2022లో సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాకు పోయింది. జిల్లాలు మారినా దారి మారలేదు. ఒకప్పటి 43వ జాతీయ రహదారి 2010లో 26వ నంబరు పొందింది, అంతే. మన గోగునార, చెరకు, మామిడి, బొబ్బిలి గ్రోత్ సెంటరు నుంచి వచ్చే ఫెర్రో మిశ్రమలోహాలు నేటికీ లారీ ఎక్కవలసిందే.

ఘాట్ రోడ్డు మీద లారీకి మొదటి ప్రశ్న ఎక్కగలదా అని. అసలు ప్రశ్న దిగగలదా అని. ఎడ్లబండి దిగుడులో తోసుకొస్తే ఎడ్లు ఎదురునిలిచి ఆపేవి. లారీలో ఆ పని బ్రేకుది. లోతైన దిగుడులో బ్రేకు మీద కాలు తీయకుండా వస్తే డ్రమ్ములు కాలిపోతాయి. కాలిన డ్రమ్ము వ్యాకోచించి లైనరుకు దూరమవుతుంది, లైనరు పట్టు కోల్పోతుంది. అప్పుడు పెడలు ఎంత తొక్కినా బండి వినదు. అందుకే పాత డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలని చెప్పేవారు. వేగాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు అవసరానికి మిగులుతుంది. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించేవాడు నాలుగు రూపాయల కోసం ఆ ఆధారాన్ని చేజేతులా వదులుకుంటున్నాడు.

ఎయిర్ బ్రేకుకు కూడా ఇలాంటి చరిత్రే ఉంది. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ళకు గాలితో పనిచేసే బ్రేకు కనిపెట్టాడు. తొలి పద్ధతిలో గాలి వస్తేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే రైలుకు బ్రేకే లేదు. 1872లో ఆయన ఆ తర్కాన్ని తలకిందులు చేశాడు. గాలి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే దానంతటదే పడుతుంది. నేటి భారీ లారీల పార్కింగు బ్రేకులోని స్ప్రింగుది కూడా ఇదే సూత్రం. తప్పు జరిగినప్పుడు బండి ఆగే వైపుకు ఒరగాలన్నది ఆ సూత్రంలోని నీతి. అయినా మామూలు బ్రేకుకు గాలి కావలసిందే. కనుక ఉదయం ఇంజను వేసిన తరువాత గాలి మీటరు ముల్లు సరైన స్థానానికి వచ్చేదాకా బండి కదపరాదు. ఎయిర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని వదిలివేయాలి. ఇంజను ఆపి, బ్రేకు తొక్కిపట్టి, ముల్లు పడిపోతున్నదేమో, ఎక్కడైనా బుస్సుమంటున్నదేమో వినాలి. దీనికంతటికీ పది నిమిషాలు చాలు.

ఇక టైర్లు. వెనుక ఇరుసుకు ఒక్కొక్క వైపు జంటగా ఉంటాయి. లోపలి టైరులో గాలి పోయినా బయటిది బరువు మోస్తుంది గనుక కంటికి తెలియదు. మోయలేని బరువు మోసిన బయటి టైరు వేడెక్కి దారిలో పేలుతుంది. దీనికి క్లీనర్లు కనిపెట్టిన ఉపాయం ఇనుపరాడ్డు. బండి ఆగిన ప్రతిచోటా దిగి, ఒక్కొక్క టైరునూ కొట్టి చప్పుడు వింటారు. నిండు టైరు ఖంగుమని ఎగరగొడుతుంది, గాలి తగ్గినది మెత్తగా మూలుగుతుంది. జంట టైర్ల నడుమ ఇరుక్కున్న రాయిని తీసేదీ వారే. గాలి ఒత్తిడి సరిగ్గా తెలియాలంటే టైరు చల్లగా ఉన్నప్పుడు మీటరుతో కొలవాలి. లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. చక్రం విప్పి బిగించినప్పుడు సుమారు 100 కిలోమీటర్లు నడిచాక నట్లను మళ్ళీ బిగించి చూడాలి. నటు చుట్టూ తుప్పు చార కనబడితే అది వదులైందని గుర్తు. ఆలోచిస్తే ఇది పాత ఇరుసు సీల కథే.

బండి ఎక్కువై, యజమాని ఒకడు, నడిపేవాడు మరొకడు అయిన తరువాత చట్టం మధ్యకు రావలసి వచ్చింది. 1914 నాటి మోటారు వాహనాల చట్టం ముఖ్యంగా రిజిస్ట్రేషన్, లైసెన్సులతో సరిపెట్టుకుంది. సరుకు బళ్ళకు, ప్రయాణికుల బళ్ళకు సామర్థ్య ధ్రువపత్రం ఉండాలని 1939 చట్టం నిర్దేశించింది. మనవాళ్ళ నోట అదే 'ఎఫ్‌సీ'. మూడవ పక్షానికి బీమా తప్పనిసరి అన్న భాగం 1946 జులై 1న అమలులోకి వచ్చింది. 1988 చట్టం 1989 జులై 1 నుంచి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. కొత్త బండికి మొదట రెండేళ్ళకు ధ్రువపత్రం ఇస్తారు. 2018 సవరణ ప్రకారం ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా తిరిగి పొందాలి. యంత్రాలే పరీక్షించే కేంద్రాలకు 2019 సవరణ దారి తీసింది.

ఇవన్నీ అవసరమైన మార్పులే. అయితే ధ్రువపత్రం సాక్ష్యం చెప్పేది ఆ ఒక్క రోజుకే. ఎఫ్‌సీకి పోయే ముందు కొత్త లైటు బిగించి, పరాయి బండి టైర్లు తొడిగి, తిరిగి వచ్చాక విప్పేసే ఆచారం లారీల లోకంలో ఎవరికీ తెలియనిది కాదు. అలా చేసేవాడు ఆఫీసును మోసం చేశాననుకుంటాడు. ఘాట్ రోడ్డుకు ఆ కాగితం చదవడం రాదు.

బరువు సంగతీ అంతే. అధికబరువుకు రుసుము కట్టించుకుని బండిని అలాగే వదిలిపెట్టే పద్ధతి చెల్లదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. పరిమితి పెరిగింది గదా అని పాత బండి బ్రేకు డ్రమ్ము పెరగదు. కమాను కట్టలు బలపడవు. వేగం రెట్టింపయితే బ్రేకు మింగవలసిన శక్తి నాలుగింతలవుతుంది. ఇక మనిషి అలసటకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. వాయిదా కట్టవలసిన తేదీ దగ్గరపడినప్పుడు ఒంటిబండి యజమాని ఆ హద్దును తన ఒంటి మీదే చెరిపేసుకుంటాడు.

ఇంతదాకా రాసిన తరువాత నాకొకటి స్ఫురించింది. బండివాని రోజువారీ పరీక్షకు లారీ కాలంలో వారసుడు చట్టం కాదు, క్లీనరు. టైరు కొట్టి విన్నదీ, నీరు పోసిందీ, గ్రీజు పెట్టిందీ, ఎగుడులో బండి ఆగితే దూకి చక్రం కింద రాయి పెట్టిందీ అతడే. చాలీచాలని జీతానికి, ఎప్పుడో ఒకనాడు డ్రైవరునవుతానన్న ఆశకు చేసిన పని అది. ఏ దస్తావేజులోనూ అతని పేరుండదు. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది యజమానులు మొదట మానిపిస్తున్నది అతనినే. మనిషి పోయాడు సరే, అతను చేసిన పని ఎవరు చేస్తున్నారు? అద్దాల మీది కాగితాలన్నీ సక్రమంగా ఉన్న బండి చుట్టూ తెల్లవారుజామున ఒక్క మనిషి కూడా తిరగడం లేదు.

పూజనాడు మేనల్లుడు బండి కడిగి, చక్రాలకు పసుపు కుంకుమలు పెట్టి, స్పానర్లనూ జాకీనీ వరుసగా పేర్చాడు. నాకీ ఆచారం ఇష్టం. ఏడాదికొకసారైనా యజమాని స్వయంగా వంగి చక్రాన్ని చేత్తో తుడుస్తాడు గదా, పగులుంటే కనబడుతుంది. నిమ్మకాయలు టైర్ల కింద పెడుతూ, "క్లీనరు వద్దనుకుంటున్నాను మావయ్యా, వాయిదాకే సరిపోవడం లేదు" అన్నాడు. నేను వాదించలేదు. అప్పు వాడిది. అడిగిన కాగితం మాత్రం ఇచ్చాను. అందులో గాలి మీటరు, ట్యాంకు నీరు, పది చక్రాల చప్పుడు, నట్లు, ఇంజను నూనె, రేడియేటరు నీరు, లైట్లు, నిద్ర అని ఎనిమిది అంశాలు రాశాను. అడుగున ఒక వాక్యం చేర్చాను: "క్లీనరును పెట్టుకోకపోతే ఈ పనులు నీవి."

వాడు చదివి, కాసేపు ఊరుకుని, సీటు కింద నుంచి ఇనుపరాడ్డు తీశాడు. "చప్పుడు ఎలా ఉండాలి?" అని అడిగాడు. ఇద్దరం కలిసి బండి చుట్టూ ఒకసారి తిరిగాము.