తుపాను సంజ్ఞలు – లెక్కల గురుతులు

బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినప్పుడు నెల్లూరు తీరమందలి కృష్ణపట్నము రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరో ఆ ప్రాంతపు జాలరులు విచారింతురు. గాలి వేగమెంత, వాయుపీడన మెంత పడినది అను అంకెలను వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఆ లెక్కల సారమంతయు ఒక్క గురుతులో ఇమిడి తీరమును చేరును.

ఈ పద్ధతికి మూలము ఒక మహావిపత్తు. 1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుపానులో సుమారు 60,000 మంది మరణించిరి. మరుసటి సంవత్సరమే ఆ రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1875లో భారత వాతావరణ శాఖ వెలసినది. 1886 నాటికి హెచ్చరికలు దేశమందలి రేవులన్నిటికి విస్తరించినవి. 1898 ఏప్రిల్ 1 నుండి రేవులన్నిటికిని ఒకే విధమైన సంజ్ఞలు అమలులోనికి వచ్చినవి.

సాధారణ పద్ధతిలో ఈ సంజ్ఞలు 11. పగలు శంకువు, స్థూపము ఆకారములు గల గురుతులను, రాత్రి ఎరుపు, తెలుపు దీపములను స్తంభమునకు కట్టుదురు. 1, 2 నంబర్లు దూర సముద్రమందలి పరిస్థితిని, 3, 4 నంబర్లు రేవునకే కలుగగల ముప్పును తెలుపును. 5, 6, 7 ప్రమాదమును, 8, 9, 10 మహాప్రమాదమును సూచించును. ఇక 11వ దాని అర్థము విచిత్రమైనది: హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినది!

అంకెను గురుతుగా మార్చు ఈ ఉపాయమే నేడు కార్యాలయములందలి కంప్యూటరు లెక్కల పట్టికలలోను కానవచ్చుచున్నది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విసికాల్క్ తొలి స్ప్రెడ్‌షీట్లలో ప్రసిద్ధి కెక్కినది. 1985లో ఎక్సెల్ వచ్చినది. షరతును బట్టి గడి రంగు తానే మారు సౌకర్యము ఎక్సెల్ 97లోను, దీపములు, బాణములవంటి గురుతులు ఎక్సెల్ 2007లోను చేరినవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపములను చూచి లక్ష్యమెంతవరకు నెరవేరినదో క్షణములో గ్రహింపవచ్చునని పలువురు వీనిని వాడుచున్నారు.

కాని ఇచ్చట ఒక మోసము పొంచియున్నది. ఒక రేవులో మూడు గట్లు కలవనుకొందము. ఒక్కొక్క గట్టున దినమునకు 10,000 టన్నుల సరుకు దించుట లక్ష్యము. దించినది వరుసగా 4,000, 5,500, 7,000 టన్నులు. ఏ గట్టును లక్ష్యమును చేరలేదు. అయినను ఈ మూడు గడులకు గురుతులు పెట్టుమన్నచో 7,000 ఎదుట ఆకుపచ్చ దీపము వెలుగును! కారణమేమి? మనము వేరుగా చెప్పనిచో ఎక్సెల్ లక్ష్యమును చూడదు. పట్టికలోని కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యల నడుమ దూరమును కొలిచి, 67 శాతము, ఆపైన ఉన్నదానికి ఆకుపచ్చ, 33 నుండి 67 లోపు దానికి పసుపు, అంతకు తక్కువదానికి ఎరుపు ఇచ్చును. 5,500 సరిగా నడుమ, అనగా 50 శాతము వద్ద, ఉన్నందున దానికి పసుపు వచ్చును.

దీనికి విరుగుడు సులభము. సాధించినదానిని లక్ష్యముతో భాగింపవలెను. ఇచ్చట 0.40, 0.55, 0.70 వచ్చును. పిదప శాతమునకు బదులు సంఖ్యను హద్దుగా ఎన్నుకొని 1, ఆపైన ఆకుపచ్చ, 0.8 నుండి 1 లోపు పసుపు, అంతకు తక్కువ ఎరుపు అని నిర్ణయింపవలెను. అప్పుడు మూడు దీపములును ఎరుపే. ఇదియే నిజము.

రేవు సంజ్ఞలలో ఈ చిక్కు లేదు. పొరుగు రేవులో 10వ నంబరు ఉన్నంతమాత్రమున ఇచ్చటి 5వ నంబరు క్షేమమని అర్థము కాదు. మరియొక భేదము కూడ కలదు. సమాచారము రాని గడిని ఎక్సెల్ ఏ గురుతును లేక ఖాళీగా విడుచును. చూచువాడు దానిని గమనింపకపోవచ్చును. రేవులో మాత్రము "మాకు సమాచారము లేదు" అని చెప్పుటకు కూడ ఒక సంజ్ఞను కేటాయించిరి. పట్టికలను తయారుచేయు విద్యార్థులు ఆ 11వ నంబరును మరువరాదు.