ద్వీపాంతర శిక్షితురాలు మేరీ బ్రయంట్: ఇతరుల పత్రాల్లో ఒక స్త్రీ జీవితం

వ్యాస సంగ్రహం: ఇంగ్లండు నుంచి 1787లో న్యూ సౌత్ వేల్స్‌కు పంపిన తొలి ఖైదీ నౌకాదళంలో మేరీ బ్రయంట్ ఒకరు. అక్కడి నుంచి ఆమె తప్పించుకొన్న తీరు ఎన్నో పుస్తకాలకు వస్తువైంది. ఆమె జీవితానికి లభిస్తున్న ఆధారాలు ఎవరు, ఏ ప్రయోజనం కోసం రాసినవో, వాటిలో ఆమె ఉనికి ఎంతవరకు కనిపిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ద్వీపాంతరవాసం, ఖైదీ స్త్రీలు, న్యూ సౌత్ వేల్స్, ఆధార విమర్శ.

1. ప్రవేశిక

1788 నుంచి 1868 వరకు బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు తరలించింది. వారిలో స్త్రీలు దాదాపు 25,000 మంది. తమ కథను తామే రాసి విడిచి వెళ్లినవారు ఈ స్త్రీలలో చాలా అరుదు. కోర్టు తీర్పులు, నౌకల జాబితాలు, చర్చి రిజిస్టర్లు, అధికారుల దినచర్యలే వారి చరిత్రకు ప్రధానమైన ఆకరాలు. ఒక స్త్రీ రాజ్యం కంట పడినప్పుడే ఈ పత్రాలు ఆమెను నమోదు చేస్తాయి. మేరీ బ్రయంట్ జీవితం ఇందుకు మంచి ఉదాహరణ.

2. నేరం, శిక్ష

మేరీ బ్రాడ్ 1765లో కార్న్‌వాల్ తీరంలోని ఫోయ్ అనే రేవు పట్టణంలో నావికుల కుటుంబంలో పుట్టింది. 1786 మార్చిలో ఎక్సెటర్ న్యాయస్థానం ఆమెను, మరి ఇద్దరు స్త్రీలను దారిదోపిడీ నేరానికి దోషులుగా నిర్ణయించింది. ప్లిమత్‌లో ఒక స్త్రీని అడ్డగించి పట్టు టోపీని, ఇతర వస్తువులను అపహరించారన్నది అభియోగం. మొదట మరణశిక్ష పడింది. తరువాత దానిని ఏడేళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు. కోర్టు పత్రంలో అపహరించిన వస్తువులకు విలువ కట్టారు. ఆ పనికి ఆమెను పురికొల్పిన పరిస్థితులు మాత్రం అందులో లేవు. శిక్ష విధించడానికి ఆ వివరం అవసరం కాలేదు.

1787 మే 13న బయలుదేరిన 'చార్లెట్' అనే నౌకలో ఆమెను పంపారు. దారిలోనే ఆమె ఒక ఆడపిల్లను ప్రసవించింది. బిడ్డకు నౌక పేరే పెట్టారు.

3. ఖైదీల కాలనీలో సంసారం

1788 ఫిబ్రవరి 10న, కాలనీ ఏర్పడిన కొద్ది రోజులకే, మేరీ తోటి ఖైదీ విలియం బ్రయంట్‌ను వివాహమాడింది. అతడూ కార్న్‌వాల్ జాలరి. ఆకలితో ఉన్న కాలనీలో చేపలు పట్టే నేర్పు అతనికి కొంత గౌరవం తెచ్చింది. 1789లో చేపలను దొంగచాటుగా అమ్ముకొంటూ పట్టుబడి 100 కొరడా దెబ్బలు తిన్నాడు. అయినా అతని నేర్పు అవసరం కనుక పడవల పనిలోనే ఉంచారు. 1790లో వారికి ఇమాన్యుయెల్ అనే కొడుకు పుట్టాడు. ఆ ఏడాది ఆహార కొరత తీవ్రమై రేషన్ తగ్గించారు.

ఈ దాంపత్యం గురించి కాలనీ న్యాయాధికారి డేవిడ్ కాలిన్స్ రాసిన ఒక మాట గమనించదగినది. అక్కడ జరిగిన పెళ్లికి తాను కట్టుబడి ఉండనక్కర లేదని విలియం అంటుండేవాడట. అతనికి 1784లో పడిన ఏడేళ్ల శిక్ష 1791 మార్చి నాటికి ముగియవచ్చింది. మేరీకి ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. అంటే, ఆమెను వదిలివేయాలనుకొంటే అతనికి అవకాశం దగ్గరలోనే ఉంది. అయినా 1791 మార్చి 28 రాత్రి గవర్నరు పడవలో బయలుదేరినవారిలో భార్య, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు. విలియం మాటకన్నా ఈ ప్రయాణమే బలమైన సాక్ష్యం.

4. పలాయనం: రెండు కథనాలు

వారితో పాటు మరో ఏడుగురు ఖైదీలు వెళ్లారు. ఒక డచ్చి నౌకాధిపతి దగ్గర దిక్సూచి, పటం ముందే సంపాదించుకొన్నారు. వెంబడించగల నౌక రేవులో లేని సమయం చూసుకొన్నారు. తెరచాప, తెడ్లే ఆధారంగా సుమారు 5,000 కిలోమీటర్లు ప్రయాణించి, 69 రోజుల తరువాత తిమోర్ ద్వీపంలోని కుపాంగ్ చేరారు. అందరూ బతికే ఉన్నారు.

ఓడ మునిగి బయటపడినవారమని అక్కడి డచ్చి అధికారులను నమ్మించారు. కొంతకాలానికి గుట్టు బయటపడింది. ఎలా బయటపడిందన్న విషయంలో ఆధారాలు ఏకీభవించవు. సహఖైదీ జేమ్స్ మార్టిన్ పేరుతో ఉన్న రాతప్రతి, విలియం భార్యతో గొడవపడి తానే వెళ్లి చెప్పాడంటుంది. 'పాండోరా' నౌక వైద్యుడు జార్జ్ హామిల్టన్, మీ కెప్టెన్ వచ్చాడని డచ్చివారు చెప్పినప్పుడు, మాకు కెప్టెనే లేడని ఒకడు నోరు జారాడని రాశాడు. మొదటి కథనం గొడవకు మేరీని కారణంగా సూచిస్తుంది. రెండవ కథనంలో ఆమె లేనే లేదు. ఆ గొడవలో ఆమె అన్న మాట ఏ కథనంలోనూ నమోదు కాలేదు.

5. తిరుగు ప్రయాణం

'బౌంటీ' తిరుగుబాటుదారులను వెదకుతూ వచ్చి, నౌక మునిగి కుపాంగ్ చేరిన పాండోరా కెప్టెన్ ఎడ్వర్డ్స్ వీరిని బందీలుగా తీసుకువెళ్లాడు. 1791 డిసెంబరులో బటావియాలో మొదట కొడుకు, మూడు వారాల తరువాత భర్త మరణించారు. 1792 మేలో, 'గోర్గాన్' నౌకలో ఇంగ్లండుకు తిరిగి వస్తుండగా చార్లెట్ కూడా కన్నుమూసింది. అదే నౌకలో ఉన్న అధికారి రాల్ఫ్ క్లార్క్ దినచర్యలో ఆ మరణం క్లుప్తమైన నమోదు మాత్రమే. 1787లో మేరీతో ఒకే నౌకలో వెళ్లిన వాట్కిన్ టెంచ్ కూడా గోర్గాన్‌లోనే ఉన్నాడు. పారిపోయిన ఖైదీల పట్ల జాలి, ఆశ్చర్యం కలిగాయని అతడు తన గ్రంథంలో ఒప్పుకొన్నాడు.

పారిపోయినందుకు ఉరి పడవచ్చు. కాని 1792 జూలైలో లండన్ న్యాయస్థానం పాత శిక్షనే కొనసాగించింది. సామ్యూల్ జాన్సన్ జీవితచరిత్రకారుడు జేమ్స్ బాస్వెల్ ఆమె తరఫున అర్జీలు పెట్టాడు. 1793 మేలో క్షమాభిక్ష లభించింది. అప్పటికే ఆమె ఏడేళ్ల గడువు ముగిసింది. బాస్వెల్ ఏడాదికి 10 పౌన్ల భరణం ఏర్పాటు చేసి ఆమెను ఫోయ్‌కు పంపాడు.

6. ముగింపు

ఈ ఆధారాల్లో మేరీ స్వయంగా మిగిల్చినవి రెండే. ఒకటి, న్యూ సౌత్ వేల్స్ నుంచి తెచ్చి బాస్వెల్‌కు ఇచ్చిన ఎండుటాకులు. కాలనీలో ఖైదీలు వాటితో తేనీరు కాచుకొనేవారు. వాటిలో కొన్ని నేడు సిడ్నీలోని మిచెల్ గ్రంథాలయంలో ఉన్నాయి. పడవలో, చెరలో, ఇద్దరు పిల్లలను, భర్తను పోగొట్టుకొన్న ప్రయాణంలో ఆమె వాటిని దాచుకొంది. రెండవది, భరణం అందినట్లు రసీదుపై పెట్టిన గుర్తు. 1794 నవంబరు నాటి అటువంటి రసీదు తరువాత ఆమె జాడ పత్రాల్లో కనిపించదు.

మేరీని సాహస నాయికగా చిత్రించే రచనలు ఆధారాల మధ్య ఖాళీలను ఊహతో నింపాయి. చరిత్రకారుడు చేయవలసిన పని వేరు. ప్రతి పత్రాన్నీ రాసినవారి ప్రయోజనంతో కలిపి చదవాలి. మాటలు దొరకనిచోట చేతలను సాక్ష్యంగా తీసుకోవాలి. పారిపోవడానికి ఎంచుకొన్న రాత్రి, దాచుకొన్న ఆకులు, రసీదుపై పెట్టిన గుర్తు అలాంటి సాక్ష్యాలు. 1794 తరువాతి నిశ్శబ్దాన్ని విషాదాంతంగా భావించనక్కర లేదు. రాజ్యానికి ఆమెతో పని తీరిందని, ఇక ఆమెను గురించి రాసుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదని మాత్రమే దానికి అర్థం. స్వేచ్ఛ పొందిన ఖైదీ స్త్రీ చరిత్ర పత్రాల నుంచి తప్పుకోవడం ఆ స్వేచ్ఛలో భాగమే కావచ్చు.